ఫోన్ ఎప్పుడు చెయ్యాలి: ఈనిన ఆవు పడిపోయినప్పుడు ఒక పశువైద్య సహాయకుడి కేస్ స్టడీ

పల్లెల్లో పశువుల వైద్యం చూసే సహాయకులకు ఎలాంటి శిక్షణ కావాలని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కేసే. ఇందులో సహాయకుడికి పని రాకపోవడం లేదు. చదువు లేకపోవడమూ లేదు. అయినా పశువులు చనిపోయాయి. ఎందుకో తేల్చుకోవడానికి మాకు ఒక ఈతల సీజన్ పైనే పట్టింది. ఆ సహాయకుడి అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్నీ, ఊళ్లనీ, రైతుల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

నేను పశువైద్యుణ్ణి. నా పర్యవేక్షణలో కొందరు సహాయకులు పనిచేస్తారు. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. ఒకచోట కష్టమైన ఈత దగ్గర చెయ్యి పెట్టానంటే ఇంకో ఊరికి గంటల తరబడి వెళ్లలేను. అందుకే జబ్బుపడ్డ పశువు మీద పడే మొదటి చెయ్యి దాదాపు ఎప్పుడూ సహాయకుడిదే అవుతుంది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం సహాయకుడు పశువైద్యుడి బాధ్యతలో, ఆయన నిర్దేశంలో, తనకు అప్పగించిన పనులు చేసే వ్యక్తి. ఆ సంస్థ 2018లో ఈ సహాయకులకు ఉండాల్సిన సామర్థ్యాల మీద మార్గదర్శకాలు కూడా తెచ్చింది. అయితే ఆ నిర్వచనంలో పశువైద్యుడు పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. పల్లెలో మాత్రం ఆయన ఫోన్‌కి అవతలి వైపు ఉంటాడు.

ఈ కేసులోని సహాయకుడు చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. చెయ్యి మంచిది. నీరసించి నరం దొరకని ఆవుకి కూడా మెడ దగ్గర ఒక్క పోటుతో సూది ఎక్కించగలడు. కృత్రిమ గర్భధారణ, టీకాలు, గిట్టల సంరక్షణ, ఏ పనిలోనూ వంక పెట్టడానికి ఉండదు. రైతులు ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తారు. జీతం కొంత, కేసుకి ఇంత అని రైతు ఇచ్చే ఫీజు కొంత. ఈ ఫీజు సంగతి తర్వాత చాలా ముఖ్యమవుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

సమస్య

ఈతల సీజన్‌లో ఆయన ప్రాంతం నుంచి వచ్చే ఫోన్లు ఆలస్యంగా వస్తున్నాయి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో పడిపోయిన ఆవుల గురించి మాకు తెలిసేసరికి సాధారణంగా మర్నాడయ్యేది. అప్పటికి ఒక కాల్షియం సీసా, సాయంత్రం మరొకటి, మధ్యలో నొప్పి ఇంజెక్షను, బలానికో టానిక్కు అన్నీ అయిపోయేవి. ఫోన్‌లో వినిపించేది మాత్రం ఒకే మాట: "సార్, ఆవు లేవట్లేదు."

లేవని ఆవు విషయంలో టైమ్ ఎంత విలువైనదో చెప్పాలి. పెద్ద ఆవు ఒకే పక్కకి గట్టి నేల మీద పడుకుంటే దాని బరువు కిందనే తొడ కండరాలు నలిగిపోతాయి. రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే కండరం చచ్చుబడటం మొదలవుతుంది. నరం దెబ్బతింటుంది. అప్పుడు మొదటి కారణం తగ్గినా ఆవు లేవలేదు. పొద్దున పాల జ్వరంతో, అంటే ఈనగానే రక్తంలో కాల్షియం తగ్గడంతో, పడిపోయిన ఆవు సాయంత్రానికి వేరే జబ్బు ఆవు అయిపోతుంది.

ఒక ఆవు సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే మా ఆలోచన మారింది దాని దగ్గరే. మూడో ఈత, బాగా పాలిచ్చే ఆవు. రాత్రి ఈనింది, తెల్లారేసరికి లేవలేదు. చెవులు చల్లగా ఉన్నాయి, ముట్టె ఎండిపోయింది. సహాయకుడు వెళ్లి కాల్షియం ఎక్కించాడు. ఆవు కాస్త తల ఎత్తింది గాని లేవలేదు. మధ్యాహ్నం రెండో సీసా పెట్టాడు. నాకు ఫోన్ మర్నాడు పొద్దున వచ్చింది. వెళ్లేసరికి ఆవు కుడి పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. జ్వరం చూస్తే 37.2 డిగ్రీలు, అంటే ఉండాల్సిన దానికంటే తక్కువే. నలుగురం కలిసి ఆవుని రెండో పక్కకి తిప్పాం. నేలకి ఆనుకుని ఉన్న వెనక పొదుగు భాగం గట్టిగా, చల్లగా తగిలింది. ఆ చన్ను పిండితే పాలు రాలేదు, పసుపు నీళ్లలాంటి ద్రవం వచ్చింది. తీవ్రమైన పొదుగు వాపు. ఆ విషం రక్తంలోకి పాకి ఆవుని పడగొట్టింది. ఆ సాయంత్రం ఆవు చనిపోయింది.

పై మూడు చన్నుల్లో పాలు శుభ్రంగానే ఉన్నాయి. కింది చన్నుని ఒక రోజంతా ఎవరూ చూడలేదు. చూడాలంటే ఆవుని తిప్పాలి.

చాలామందికి రెండో సీసాయే తప్పని అనిపిస్తుంది. నాకు మొదటి సీసా దగ్గరే భయం వేసింది. నరానికి ఎక్కించే కాల్షియం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. విషం పట్టిన ఆవులో గుండె ముందే బలహీనంగా ఉంటుంది. అలాంటి ఆవుకి వేగంగా ఎక్కిస్తే సూది ఇంకా నరంలో ఉండగానే ప్రాణం పోవచ్చు. నిజానికి పాల జ్వరంలో ఇంత చక్కగా పనిచేసే మందు ఇంకోటి లేదు. ఆవు రక్తద్రవంలో మొత్తం కలిపి సుమారు 3 గ్రాముల కాల్షియం ఉంటే, 10 లీటర్ల ముర్రుపాలలో 20 గ్రాములకు పైనే బయటికి పోతుంది. ఎముకల నుంచి భర్తీ అయ్యేలోపు రక్తంలో లోటు ఏర్పడి ఆవు పడిపోతుంది. ఆ లోటు తీర్చగానే సుమారు నాలుగింట మూడు ఆవులు రెండు గంటల్లో లేచి నిలబడతాయి. సహాయకుడు తన జీవితంలో ఈ దృశ్యం ఎన్నోసార్లు చూశాడు. పడిపోయిన ఆవు కనిపించగానే చెయ్యి సీసా మీదకి పోవడానికి అదే కారణం.

మొదట చేసినవి, ఎందుకు పనిచెయ్యలేదు

మొదట అందరూ చేసేదే చేశాం. క్లాస్ పెట్టాం. ఈనిన ఆవు పడిపోవడానికి కారణాలు, తేడాలు గుర్తుపట్టడం, మందుల మోతాదులు, అన్నీ స్లైడ్లతో చెప్పాం. ముందు ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష. మార్కులు పెరిగాయి. ఈ సహాయకుడికి మంచి మార్కులే వచ్చాయి. నోటితో అడిగినా పాల జ్వరం, పొదుగు వాపు, గర్భాశయంలో చీము, కష్టపు ఈతలో నరం దెబ్బ, తుంటి జారడం, తీవ్ర నీరసం, అన్నీ వరసగా చెప్పాడు. ఫోన్లు మాత్రం ఎప్పటిలాగే మర్నాడు వచ్చాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. పరీక్షలో రాయగలిగినవాడు పశువు దగ్గర చెయ్యకపోతే లోపం తెలివిలో ఉందనడం కుదరదు. వైద్యవిద్యలో జార్జ్ మిల్లర్ 1990లో సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా విడదీసి చూపాడు: తెలుసు, ఎలా చెయ్యాలో తెలుసు, చేసి చూపగలడు, రోజూ పనిలో చేస్తాడు. మన శిక్షణలు చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. పరీక్ష పెట్టడం సులువు కాబట్టి కొలత కూడా అక్కడే జరుగుతుంది. నాలుగో మెట్టు కొలవాలంటే పశువుల కొట్టంలోకి వెళ్లి నిలబడాలి.

ఆ తర్వాత ఒక నియమం పెట్టాం. పడిపోయిన ఆవు ఏదైనా సరే, ఏ మందూ ఇవ్వకముందే ఫోన్ చెయ్యాలి. కొద్దిరోజులు ఫోన్లు కుప్పలుగా వచ్చాయి. "ఆవు పడిపోయింది సార్, వస్తారా?" అన్నీ ఇలాంటివే. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడానికి ఆ మాటల్లో ఏమీ లేదు. అసలు ఈ నియమంలోనే ఒక ప్రమాదం ఉంది. నిజమైన పాల జ్వరం అయితే నా కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే ప్రాణాంతకం. స్పృహ తప్పే దశలో ఉన్న ఆవు కొన్ని గంటల్లో పోతుంది. సహాయకులకు ఇది బాగా తెలుసు. అందుకని మందు ఇచ్చేసి తర్వాత ఫోన్ చేసి, ముందే చేసినట్టు చెప్పడం మొదలైంది. కొన్నాళ్లకి ఆ ఫోన్లూ తగ్గిపోయాయి. పాటించలేని నియమం పెడితే అబద్ధం చెప్పడం అలవాటవుతుంది. పర్యవేక్షణలో అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కొట్టంలో నిలబడి చూసినప్పుడు

తర్వాత నేను ఆయన వెంట వెళ్లడం మొదలుపెట్టాను. ఒక షరతు పెట్టుకున్నాం: పశువు ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప నేను నోరు విప్పను, చెయ్యి పెట్టను.

చూసింది ఇది. ఆయన బండి దిగేలోపే రైతు ఎదురొచ్చి "కాల్షియం తగ్గినట్టుంది డాక్టరు గారూ, సీసా తెచ్చారా?" అంటాడు. ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు చుట్టూ చేరతారు. ఆయన సంచి తెరుస్తాడు. సీసా తీస్తాడు. గొట్టం తగిలిస్తాడు. ఒకరు సీసా పట్టుకుంటారు, ఒకరు తల పట్టుకుంటారు. అయిదు నిమిషాలు కూడా కాకుండానే మందు నరంలోకి పోతూ ఉంటుంది. సంచిలో థర్మామీటర్ ఉంది. దాని డబ్బీలో పెట్టింది పెట్టినట్టే, బయటికి రాలేదు.

తిరిగి వస్తూ దారిలో అడిగాను, తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పి. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ ముఖ్యమైన పాఠం.

"సార్, వెళ్లగానే జ్వరం చూసి, పొదుగు చూసి, ఆలోచిస్తూ కూర్చున్నాననుకోండి, వీడికి తెలియట్లేదనుకుంటారు. ఇంకొకరికి ఫోన్ చేస్తారు. ఇక మీకు ఫోన్ చేశానా, ఆ ఇంటికి మళ్లీ నన్ను పిలవరు. మీరొస్తే ఫీజు కూడా నాకు రాదు. పైగా మీరు ఫోన్ ఎత్తగానే జ్వరం ఎంత, అది చూశావా, ఇది చూశావా అని అడుగుతారు. స్పీకర్‌లో అందరూ వింటుంటారు. నాకు ఆ టైమ్‌లో టెన్షన్."

ఇందులో మూడు ముళ్లున్నాయి. పరీక్ష చెయ్యడమంటే చేతకానితనం కింద లెక్క. ఫోన్ చెయ్యడమంటే డబ్బు నష్టం. ఫోన్‌కి అవతలి వైపు ఉన్నవాళ్లంటే భయం. స్లైడ్లు ఈ మూడింటిలో దేన్నీ తాకలేదు. ఆయనకు కావాల్సిన శిక్షణ రోగాల పాఠం కాదని అక్కడ తేలిపోయింది. నలుగురు చూస్తుండగా ఒక నిర్ణయం తీసుకునే శిక్షణ కావాలి. ఆ నిర్ణయం తీసుకున్నందుకు నష్టపోకుండా చూసే ఏర్పాటు కూడా కావాలి. ఈ రెండోది లేకుండా మొదటిది నిలవదు.

పనిచేసినవి

పరీక్షకి ఒక వరస తయారుచేశాం. సంచి తెరవకముందు చెయ్యాల్సినది, అయిదారు నిమిషాల్లో అయిపోయేది. ఆ వరసని ఆయనే నాతో కూర్చుని ఖరారు చేశాడు.

ముందుగా థర్మామీటర్ పెట్టేస్తాం. అది పని చేస్తుండగా మిగతావి చూస్తాం, అందువల్ల వేచి ఉండే టైమ్ ఉండదు. పశువు వెనకాలే ఉన్నాం కాబట్టి మానం నుంచి వచ్చే స్రావం, దాని వాసన, మాయ పడిందా లేదా చూస్తాం. తర్వాత వెనక కాళ్లు ఎలా ఉన్నాయి, కప్పలా పక్కలకి చాపుకుని ఉన్నాయా, గిట్టల మధ్య గిల్లితే కాలు లాక్కుంటుందా. తర్వాత పొదుగు. నాలుగు చన్నులూ. కిందున్న చన్ను కోసం ఆవుని తిప్పక తప్పదు, ఎటూ తిప్పడం దానికి మంచిదే. ప్రతి చన్ను నుంచి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూస్తాం, నీళ్లలా ఉన్నా గడ్డలు ఉన్నా వెంటనే కనపడతాయి. తర్వాత ఎడమ డొక్క మీద చెయ్యి ఆనించి పెద్దపొట్ట కదలికలు లెక్కపెడతాం. ఆరోగ్యంగా ఉన్న ఆవులో నిమిషానికి ఒకటి రెండు వస్తాయి. ఆపైన గుండె, చెవులు, ముట్టె, కళ్లు, మెడ. చివరికి వెనక్కి వచ్చి థర్మామీటర్ చదువుతాం.

ఇందులో రెండు చిన్న మార్పులు మేం అనుకున్నదానికంటే ఎక్కువ పనిచేశాయి. ఒకటి, చూసింది చూసినట్టు పైకి చెప్పడం: "జ్వరం లేదు. ఈ చన్ను శుభ్రం. చెవులు చల్లబడ్డాయి." రెండోది, రైతుకి పని అప్పగించడం: తోక పట్టుకోమనడం, గుడ్డ పట్టుకోమనడం, ఎప్పుడు ఈనింది, దూడని లాగాల్సి వచ్చిందా అని అప్పుడే అడగడం. అంతకుముందు ఆలోచిస్తూ నిలబడ్డట్టు కనిపించిన మనిషి ఇప్పుడు ఏదో గట్టిగా వెతుకుతున్నట్టు కనిపించాడు. కొన్నాళ్లకి రైతులే "నాలుగో చన్ను చూడలేదండీ" అని గుర్తుచెయ్యడం మొదలుపెట్టారు.

ఈ వరసని మొదట ఆరోగ్యంగా ఉన్న ఆవుల మీద సాధన చేయించాం. ఇది ఎవరూ పట్టించుకోని అవసరం. సహాయకుణ్ణి పిలిచేది పశువుకి జబ్బు చేసినప్పుడే. బాగున్న ఆవు చెవి ఎంత వెచ్చగా ఉంటుందో, బాగున్న పొదుగు చేతికి ఎలా తగులుతుందో, బాగున్న పెద్దపొట్ట ఎలా కదులుతుందో ఆయన చేతికి అలవాటు కాదు. జబ్బుతో ఉన్నది తేడాగా ఉందని తెలియాలంటే బాగున్నది ముందు చేతికి ఎక్కాలి. కాబట్టి టీకాలకి వెళ్లినప్పుడల్లా ఒకటి రెండు ఆవుల్ని ఈ వరసలో పూర్తిగా చూసి రాసుకోమన్నాం.

థర్మామీటర్ల దగ్గర ఒక చిక్కు బయటపడింది. కొందరివి సెల్సియస్, కొందరివి ఫారెన్‌హీట్. ఫోన్‌లో "నూటొకటి" అంటే ఒకరికి మామూలు, మరొకరికి మనుషుల లెక్కన జ్వరం. సహాయకులకిచ్చిన కార్డు మీద రెండూ పక్కపక్కనే వేశాం: పెద్ద ఆవుకి మామూలు 38 నుంచి 39.3, అంటే 100.4 నుంచి 102.7. శిక్షణ అవసరాల జాబితాల్లో ఇలాంటివి కనపడవు. ప్రాణాలు మాత్రం వీటి మీదే ఆధారపడి ఉంటాయి.

తర్వాత నిర్ణయం. పొడవైన చార్టులు, బాణాల బొమ్మలు వద్దనుకున్నాం. చెమట కారుతూ, పేడ అంటిన చేతులతో ఎవరూ చార్టు చదవరు. మూడు మాటలు చాలు: నేనే చేస్తాను, చేసి చెప్తాను, చెప్పాకే చేస్తాను.

ఈని మూడు రోజుల లోపే, ఈత తేలిగ్గా జరిగింది, జ్వరం మామూలుగానో తక్కువగానో ఉంది, చెవులు చల్లగా ఉన్నాయి, నాలుగు చన్నులూ శుభ్రం, స్రావంలో దుర్వాసన లేదు, కాళ్లు సరిగా ఉన్నాయి. ఇలా ఉంటే పాల జ్వరానికి ఒక సీసా కాల్షియం ఇచ్చి వెంటనే చెప్పాలి. సీసా పది నిమిషాలకి తక్కువ కాకుండా, గుండె వింటూ ఎక్కించాలి. గుండె తడబడితే ఆపాలి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, చన్నులో నీళ్లు వచ్చినా, కంపు కొడుతున్నా, దూడని బలంగా లాగాల్సి వచ్చినా, జ్వరం 39.5 దాటినా, ముందు ఫోన్. ఎండలో పడి ఉన్న ఆవుకి పాల జ్వరంలో కూడా ఒళ్లు వేడెక్కుతుంది. అలాంటప్పుడు నీడకి చేర్చి ఇంకోసారి చూడాలని కార్డులో విడిగా రాశాం. పొదుగు విషం ముదిరితే జ్వరం పడిపోతుంది కూడా. అందుకే జ్వరం ఒక్కదాన్నే నమ్మొద్దని, పొదుగు చూడకుండా సీసా ముట్టొద్దని పదేపదే చెప్పాం. ఇక రెండో సీసా ఎప్పుడైనా సరే ఫోన్ చెయ్యకుండా ఇవ్వకూడదు. పాత నియమం అన్నింటికీ ఒకే కొలత పెట్టింది. ఇది ఆయన విచక్షణకి చోటు ఇచ్చింది, హద్దు కూడా చూపించింది. ఆయన దీన్ని ఒప్పుకోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఫోన్‌లో మాట్లాడే పద్ధతి కూడా కుదుర్చుకున్నాం. నాలుగు విషయాలు: ఏ పశువు, ఎప్పుడు ఈనింది. ఇప్పుడు ఎలా ఉంది. నేను చూసిన అంకెలు, గుర్తులు. నేనేమనుకుంటున్నాను, మీ నుంచి ఏం కావాలి. ఈ నాలుగూ పూర్తయ్యేదాకా పశువైద్యులం మధ్యలో అడ్డు రాకూడదు. నాలుగోది మొదట్లో ఎవరి నోటా రాలేదు. "మీరే చెప్పండి సార్" అని వదిలేసేవాళ్లు. మేం పట్టుబట్టాం. తన అభిప్రాయం చెప్పాల్సి వచ్చినప్పుడే చూసినవాటిని మనిషి కలిపి ఆలోచిస్తాడు. అది తప్పైనా ఫరవాలేదు, ఎక్కడ తప్పిందో మాకు కనపడుతుంది. సమావేశాల్లో జంటలుగా కూర్చుని సాధన చేశారు. పశువైద్యులం కూడా చేశాం, ఎందుకంటే మధ్యలో అడ్డు పడకుండా వినడం మాకూ కొత్తే.

ఇక డబ్బు. రైతుల సంఘంతో మాట్లాడి, పరీక్ష చేసినందుకు సహాయకుడికి విడిగా ఫీజు ఉండేలా, పశువైద్యుణ్ణి పిలిచినా అది ఆయనకే చెందేలా ఒప్పించాం. నేను కొట్టంలోకి అడుగుపెట్టగానే రైతు ముందే చెప్పేవాణ్ణి: "ఆయన చూడాల్సినవన్నీ చూసి సరైన టైమ్‌కి ఫోన్ చేశారు. రేపటిదాకా ఆగి ఉంటే ఇబ్బందయ్యేది." నిజమైనప్పుడే చెప్పాను. చాలాసార్లు నిజమే అయింది.

ఆ ఆవులాంటిదే మరొకటి

తర్వాతి సీజన్‌లో ఒకరోజు పొద్దున్నే ఫోన్.

"సార్, నాలుగో ఈత ఆవు, నిన్న మధ్యాహ్నం ఈనింది. తెల్లవారుజాము నుంచి పడుకునే ఉంది, తల నిలబెడుతోంది. జ్వరం 39.8. చెవులు చల్లగానే ఉన్నాయి. వెనక ఎడమ చన్ను నీళ్లు వస్తోంది, భాగం గట్టిగా ఉంది. మిగతా మూడూ బాగున్నాయి. పొట్ట కదలట్లేదు. పొదుగు వాపే అనుకుంటున్నాను. కాల్షియం పెట్టలేదు, సీసా తెమ్మని రైతు అడుగుతున్నాడు. మీరు రాగలరా? వచ్చేలోపు ఏం చెయ్యమంటారు?"

వెళ్లేలోపు చెయ్యాల్సినవి ఫోన్‌లోనే చెప్పాను: ఆ చన్నుని పదేపదే పిండెయ్యాలి, నీడకి చేర్చి గడ్డి మందంగా పరవాలి, పక్క మార్చాలి, నోట్లో ఏమీ పొయ్యకూడదు. నేను వెళ్లాక ద్రవాలు, వాపు తగ్గించే మందు, అవసరమైన మిగతా చికిత్స చేశాను. కాల్షియం చర్మం కింద ఇచ్చాను. ఆవు రెండో రోజు లేచింది. ఆ పొదుగు భాగం మాత్రం పోయింది, ఇప్పుడు మూడు చన్నులతోనే పాలిస్తోంది. ఇలాంటి కేసుల్లో ఎంత త్వరగా వెళ్లినా కొన్ని ఆవులు దక్కవు. ఇది దక్కింది. ఫోన్‌లో విన్న ఆ నాలుగు విషయాల వల్లే ఆ రోజు ఇంకో ఊరి పని వాయిదా వేసి ముందు ఇక్కడికి బయల్దేరాను.

సేవ అనే పని

ఈ కేసులో మేం తక్కువ అంచనా వేసిన విషయం పడిపోయిన ఆవుకి చేసే సేవ. సహాయకుడి సంచిలో దీనికి మందు ఉండదు. దీనికి ఫీజు అడిగే అలవాటు కూడా లేదు. అందుకే శిక్షణలో చివరి అరగంటకి మిగిలిపోతుంది. నా దృష్టిలో లేవలేని ఆవు బతకడంలో దీని పాత్ర సీసాకి తక్కువేం కాదు.

సిమెంటు గచ్చు మీద నుంచి మట్టినేల మీదకో, మందంగా పరిచిన గడ్డి మీదకో మార్చాలి. కాళ్లు పట్టుకుని ఈడ్చకూడదు, పట్టా మీదకి దొర్లించి లాగాలి. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. పక్కకి పూర్తిగా వాలిపోకుండా, పొట్ట ఉబ్బకుండా, గడ్డి మోపులు ఆసరా పెట్టి ఛాతీ మీద కూర్చోబెట్టాలి. నీళ్లు, మేత నోటికి అందేలా పెట్టాలి. పాల జ్వరంలో మింగే శక్తి తగ్గుతుంది, బలవంతంగా పట్టిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేవడానికి ప్రయత్నించినప్పుడు వెనక కాళ్లు జారకుండా చూసుకోవాలి, ఒకసారి జారి కాళ్లు విడిపోతే ఇక లేవకపోవచ్చు. ఇవన్నీ చెయ్యాల్సింది రైతు కుటుంబం. నేర్పాల్సింది సహాయకుడు. అంటే ఆయనకి సేవ చెయ్యడం ఒక్కటే వస్తే చాలదు, నేర్పడమూ రావాలి. మా శిక్షణలో మేం ఇప్పుడు సహాయకుణ్ణి నిలబెట్టి, రైతు స్థానంలో ఇంకొకర్ని కూర్చోబెట్టి, పక్క మార్చడం చెప్పించి, ఆ వ్యక్తి చేత చేయించి చూస్తాం. చెప్పింది అర్థమైందా అని అడగడంకన్నా చేయించి చూడడం నయం.

ఈ కేసు తర్వాత మేం మార్చుకున్నవి

శిక్షణ అవసరాలు లెక్కవేసేటప్పుడు ఇప్పుడు మేం ఫారాలు నింపించి ఊరుకోం. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారని అడిగితే సహాయకులు సాధారణంగా కొత్త పనులు అడుగుతారు: స్కానింగ్, చిన్న ఆపరేషన్లు, కొత్త మందులు. అది సహజం, వాటితో గౌరవం వస్తుంది. కానీ వాళ్ల కేసు పుస్తకాలు, చనిపోయిన పశువుల వివరాలు ముందు పెట్టుకుని చూస్తే కనిపించే అవసరాలు వేరు. పరీక్ష చెయ్యడం, రాయడం, చెప్పడం, ఎక్కడ ఆగాలో తెలియడం. ఈ రెండు జాబితాలూ పక్కపక్కనే పెట్టుకోవాలి, ఏ ఒక్కటీ సరిపోదు. కొత్త పని నేర్పకుండా పాత పని దిద్దుతామంటే క్లాసుకి మనసు పెట్టి ఎవరూ రారు. అందుకే ఒక కొత్త నైపుణ్యం నేర్పే రోజునే ఈ పరీక్ష వరస సాధన కూడా పెడతాం.

ఏడాదికోసారి పెద్ద శిక్షణ పెట్టే పద్ధతి తగ్గించాం. ఈతల సీజన్‌కి ముందు ఈనిన ఆవుల మీద, టీకాల కాలానికి ముందు శీతల గొలుసు (టీకా మందుని పశువు దాకా చల్లగా చేర్చడం) మీద, ఇలా పనికి ముందు చిన్న చిన్న సెషన్లు పెడుతున్నాం. మూడో ఈత దాటి, బాగా పాలిచ్చే ఆవుల జాబితా ప్రతి సహాయకుడి దగ్గరా ఉంటుంది. పాల జ్వరం ఎక్కువగా వచ్చేది వాటికే కాబట్టి, ఈత దగ్గరపడ్డప్పుడు పిలవకముందే ఒకసారి వెళ్లి చూసి రావాలి.

పశువైద్యుల శిక్షణ కూడా ఇందులో భాగమే. సహాయకుడు ఫోన్ చేసినప్పుడు మనం ఎలా మాట్లాడతామో దాన్నిబట్టి రెండోసారి ఫోన్ వస్తుందో రాదో తేలుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన పశువైద్యులు మొదట సహాయకుల వెంట తిరుగుతారు, నోరు విప్పకుండా చూడాలన్న అదే షరతుతో.

తీరని సమస్యలు ఉన్నాయి. రాత్రి వచ్చే ఫోన్లకి వంతులు వేసుకున్నాం గాని, ఇద్దరు పశువైద్యులూ ఒకేసారి దూరంగా ఉన్న రోజున ఆ ఏర్పాటు నిలవడం లేదు. సేవ నేర్పడానికి, మర్నాడు మళ్లీ వెళ్లి చూడడానికి పట్టే టైమ్‌కి సహాయకుడికి ఇంకా ఏమీ ముట్టడం లేదు. రైతుల సంఘం పరీక్ష ఫీజుకి ఒప్పుకున్నంత తేలిగ్గా దీనికి ఒప్పుకోలేదు. ఆవు లేచాక మళ్లీ ఎందుకు రావాలని వాళ్ల ప్రశ్న. కాల్షియంతో లేచిన ఆవుల్లో నాలుగింట ఒకటి దాకా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడిపోవచ్చని, ఆ రెండో రాకపోక దానికోసమేనని లెక్కలతో చూపించడానికి ఇప్పుడు ప్రతి కేసులో రెండో రోజు ఏమైందో కూడా రాయిస్తున్నాం. ఈ సీజన్ పుస్తకాలు అందగానే వాటితోనే సంఘం ముందుకి మళ్లీ వెళ్తాం.